ఒకే క్రేటులో రెండు కళ్లు

మదనపల్లె టమాటా యార్డుకు కూతవేటు దూరంలోని ఒక ఇంటి వరండాలో, ఆదివారం పొద్దున, మేనమామకూ మేనకోడలికీ పేచీ పడింది. పేచీకి మూలం ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో ఆయన రెండు కళ్ల స్కానింగు కాగితాలున్నాయి.

మేనమామ పుంగనూరులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన అయ్యోరు. షుగరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కొంతకాలంగా కిటికీ ఊచలు నడుమ దగ్గర వంగినట్టు, పేపర్లో అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కినట్టు కనబడుతున్నాయి. మేనకోడలు కుప్పంలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో సిస్టరు. సెలవుకు అమ్మ దగ్గరికి వచ్చింది. మనుషులిద్దరూ కల్పితమే. వాళ్లు ఒకరి మీదికొకరు విసురుకున్న అంకెలూ సంఘటనలూ మాత్రం కావు.

బెంగళూరు డాక్టరు చెప్పింది ఇదీ. రెండు కళ్లలోనూ రెటీనా నడిమధ్యన నీరు చేరింది. రెండింటికీ లోపలికి సూది వేయాలి, మొదటి ఐదు నెలలూ నెలకొకటి. రెండు కళ్లకూ ఒకేరోజు వేయించుకుంటారో, వారం ఎడంతో వేయించుకుంటారో ఆలోచించుకుని రండి.

"ఆలోచించేదానికి ఏముండాది పాపా" అన్నాడు అయ్యోరు. "ఒకేరోజు వేయించుకుంటే ఐదుసార్లు పోతాం. ఎడం పెడితే పదిసార్లు. పుంగనూరు నుంచి పోయిరావడానికి ఒక దినం. తోడు వచ్చేవాడి కూలి ఒక దినం. కాంపోజిట్ మ్యాథ్స్ అక్కర్లేదు, ఒకటో తరగతి ఎక్కం చాలు."

"ఎక్కం సరే మామా. ఒక కంటికి చీము పడితే ఇంకో కన్నుంటుంది. రెండింటికీ పడితే?"

ఆమె అన్న చీముకు వైద్యులు పెట్టిన పేరు ఎండాఫ్తాల్మైటిస్. కంట్లో వేసే ఇంజెక్షన్లతో వచ్చే ప్రమాదాల్లో అందరూ భయపడేది దానికే. సూది వెంట ఒకటో రెండో సూక్ష్మజీవులు లోపలికి పోతే, కనుగుడ్డు లోపలి జెల్లీ వాటికి సంగటి ముద్దలాంటిది. సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల్లో ఎరుపు, నొప్పి, చూపు మసక. వెంటనే కంట్లోకే వాంకోమైసిన్, సెఫ్టాజిడిమ్ లాంటి యాంటీబయాటిక్కులు ఎక్కిస్తారు, అవసరమైతే లోపలి జెల్లీని తీసేస్తారు. అన్నీ చేసినా కొన్ని కళ్లు దక్కవు.

అయ్యోరు ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. అమెరికాలోని రెటీనా క్లినిక్కుల లెక్క ఒకటి 2018లో ఒక కంటి వైద్య పత్రికలో అచ్చయింది. మనవడి చేత దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించుకుని ఫైల్లోనే పెట్టుకున్నాడు. రెండు కళ్లకూ ఒకేరోజు సూది వేసిన సందర్భాలు 50,966. అంటే 1,01,932 ఇంజెక్షన్లు. చీము పట్టిన కళ్లు 28.

"ఇరవై ఎనిమిది. అంటే మూడు వేల ఆరు వందల నలభై ఇంజెక్షన్లకు ఒకటి. ఒక్కో కంటికి విడివిడిగా వేసినా ఇంచుమించు ఇంతే వస్తుందంట. ఇప్పుడు ముఖ్యమైన సంగతి విను. ఆ యాభై వేల సందర్భాల్లో రెండు కళ్లకూ చీము పట్టింది ఎన్నిసార్లు? సున్నా."

"సున్నా అని చదివినా."

"చదివి కూడానా? ఒక కంటికి వచ్చే అవకాశం 3,640లో ఒకటి. రెండు కళ్లకూ రావాలంటే దాన్ని దాంతోనే గుణించాల." కళ్లు మూసుకుని నోటిలెక్క వేసినాడు. "కోటీ ముప్పై రెండు లక్షల నలభై తొమ్మిది వేల ఆరు వందల్లో ఒకటి. మదనపల్లె నుంచి తిరుపతికి పోయే బస్సు భాకరాపేట ఘాటులో బోల్తా పడే అవకాశం ఇంతకన్నా ఎక్కువుంటుంది పాపా. ఇంకో ఐదుసార్లు బస్సెక్కమంటావా?"

మాట పదునుగా ఉంది. లెక్కలో తప్పు లేదు కూడా. అయితే, గుణించడానికి వీలైన రెండు అంకెలనే ఆయన గుణించాడా అన్నది అసలు ప్రశ్న. సిస్టరు ఆ ప్రశ్న వేయడానికి లెక్కల పుస్తకం తెరవలేదు. వీధి వైపు చెయ్యి చూపించింది. అప్పుడే టమాటా క్రేట్లతో ఒక టెంపో యార్డు వైపు పోతోంది.

"మామా, ఒక తోటలో కాయ కుళ్లింది. ఇంకో ఊరి తోటలో ఇంకో కాయ కుళ్లింది. దీనికీ దానికీ సంబంధం లేదు, నీ గుణకారం చెల్లుతుంది. ఒకే క్రేటులో ఉండే రెండు కాయల్లో ఒకటి కుళ్లితే రెండోది కుళ్లేదానికి కోటిలో ఒక వంతు అంటావా? రెండు రోజుల్లో పక్కదానికి అంటుకుంటుంది. ఒకే డాక్టరు, ఒకే గ్లౌజు, ఒకే సీసాలో మందు, ఒకే పూట. నీ రెండు కళ్లూ ఒకే క్రేటులో ఉండే కాయలు."

అయ్యోరు జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడం వేరు, ఆలోచించడం వేరు. ఆయన ఆలోచిస్తున్నాడు.

సిస్టరు ఆగలేదు. హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో 2016 జూన్ నెలాఖరులో శుక్లాలకు ఆపరేషన్ చేయించుకున్న పదమూడు మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కంటిని కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలో క్లెబ్సియెల్లా బాక్టీరియా బయటపడింది. కొందరికి చూపు పోయింది. 2019 జూలై 9న బెంగళూరు మింటో ఆసుపత్రిలో ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో పలువురికి అదే గతి. అక్కడ వేలు చూపింది ఆపరేషన్‌లో వాడే జెల్ వైపు. "అది శుక్లం ఆపరేషను, ఇది సూది" అని అయ్యోరు అడ్డుపడబోతే, సూదుల కథకే వచ్చింది. 2011లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకే ఫార్మసీ చిన్న సిరంజిల్లోకి మార్చి పంపిన అవాస్టిన్ అనే మందుతో పన్నెండు మందికి స్ట్రెప్టోకాకస్ సోకింది. 2016 జనవరిలో అహ్మదాబాదులో అవాస్టిన్ వేయించుకున్న పదిహేను మందికి చూపు దెబ్బతింది. ఆ మందును కంట్లో వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అప్పటికప్పుడు హెచ్చరించి, డాక్టర్ల సంఘాలు మొరపెట్టుకున్నాక రెండు నెలల్లో ఆ హెచ్చరిక వెనక్కి తీసుకున్నాడు. 2023 సెప్టెంబరులో పాకిస్తాన్‌లోని లాహోరు, కసూరు వైపు పదులకొద్దీ షుగరు రోగులకు ఇదే మందుతో కళ్లు పోయాయి.

"వీటిల్లో యాడన్నా 3,640లో ఒకటి అనే లెక్క పనిచేసిందా? సీసా పాడైతే ఆ పూట వరసలో ఉన్నవాళ్లందరికీ పడింది. ఆ వరసలో నీ కళ్లు రెండూ ఉంటే?"

అవాస్టిన్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అది కంటి కోసం పుట్టిన మందు కాదు. పెద్దపేగు క్యాన్సరుకు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. కొత్త రక్తనాళాలు పుట్టకుండా, ఉన్నవి కారకుండా ఆపే గుణం దానికి ఉంది కనుక మరుసటి ఏడే కంటి డాక్టర్లు అందుకున్నారు. క్యాన్సరుకు అమ్మే నాలుగు మిల్లీలీటర్ల సీసాలో వంద మిల్లీగ్రాములుంటుంది. కంటికి కావలసింది 0.05 మిల్లీలీటరు, అందులో 1.25 మిల్లీగ్రాములు. ఒక్క సీసాను పదుల సిరంజిల్లోకి పంచవచ్చు. దాని చవకతనమంతా ఆ పంపకంలోనే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. కంటి కోసమే తయారై, ఒక్కరికే వాడి పారేసేలా వచ్చే రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్‌ల ధర ఎక్కువ. రానిబిజుమాబ్‌కు సాటి మందును (బయోసిమిలర్) ప్రపంచంలో మొదట అమ్మకానికి తెచ్చింది మన దేశపు కంపెనీయే, 2015లో. ధర కొంత దిగింది. అయినా పుంగనూరు పింఛనుదారుకు అది తేలికైన ఖర్చు కాదు.

కాఫీలు వచ్చాయి. అయ్యోరు చక్కెర లేని గ్లాసు తీసుకుని, ఎవరూ ఊహించని పని చేశాడు. తన వాదానికి తానే చిల్లు పొడిచాడు.

"నువ్వు చెప్పిన క్రేటు మాట నిజమే. ఇంకొకటి కూడా ఒప్పుకుంటా. యాభై వేల సందర్భాల్లో సున్నా వచ్చిందంటే అది ఎప్పటికీ సున్నా అని కాదు. ఒక పద్ధతి ఉండాది. ఎన్నిసార్లు చూసినా ఒక్కటీ రాలేదంటే, మూడును ఆ సంఖ్యతో భాగించు. గరిష్ఠంగా అంతదాకా ఉండొచ్చు. యాభై వేల తొమ్మిది వందల అరవై ఆరుకు మూడు... అంటే పదిహేడు వేల సార్లలో ఒకసారి రెండు కళ్లూ చెడే ప్రమాదం నిజంగా ఉన్నా, ఈ సున్నా వచ్చి ఉండొచ్చు. కోటిలో ఒకటి అని నేను అన్నది కొంచెం ఎక్కువే."

"కొంచెమా?"

"సరే, చాలా ఎక్కువ. రెండు కళ్లకూ చీము పట్టిన కేసులు పత్రికల్లో ఉన్నాయా?"

"అక్కడక్కడ ఉన్నాయి. తక్కువే."

"ఇప్పుడు నా పక్క లెక్క కూడా వేయి. సూది వల్ల పోయిన చూపు పేపర్లో పడుతుంది. సూది పడక పోయిన చూపు యాడ పడుతుంది? మా వీధిలో ఎంతమంది మొదటి రెండు సూదులు వేయించుకుని మానేసినారో నీకు తెలుసా? కూలి పోతుందని ఒకడు, తోడు లేదని ఒకామె, 'ఒక కన్ను బాగానే ఉంది కదా' అని ఇంకొకడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కర్ణాటక బార్డరు మూసినప్పుడు గ్యాపు వచ్చిన కళ్లు ఎన్నో మళ్లీ తేరుకోలేదు. ఆ కేసు షీట్లో 'బస్సు దొరకలేదు' అని ఎవరూ రాయరు. పది ప్రయాణాలు అంటే నేను ఆరు చేస్తా, నాలుగు మానేస్తా. నన్ను నేను ఎరుగుదును పాపా."

ఈ మాట దగ్గర అయ్యోరిది పైచేయి. ఈ మందులు జబ్బును నయం చేయవు, అణచిపెడతాయి. గడువు తప్పితే నీరు మళ్లీ చేరుతుంది. పదేపదే చేరి దిగిన రెటీనా మొదటి స్థితికి రాదు. దూరాభారమున్న పల్లెల్లో అసలు శత్రువు చీమా, మానెయ్యడమా అని అడిగితే, అంకెలు మానెయ్యడం వైపే మొగ్గుతాయి. లెక్కపెట్టి తేల్చడం ఈ ఊరికి కొత్త కాదు. పక్కనున్న ఆరోగ్యవరం శానటోరియంలో ఫ్రిమోట్ మోలర్ అనే డేనిష్ డాక్టరు 1950లలో క్షయకు బీసీజీ టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ ఏళ్ల తరబడి లెక్కపెట్టించాడు. టీకా మంచిదా కాదా అన్నది వాదనతో తేలదని ఆయనకు తెలుసు.

సిస్టరుకు ఆ పైచేయి నచ్చలేదు. ఇంకో దారిలో వచ్చింది.

"వారం ఎడం ఎందుకు పెడతారో తెలుసా మామా? చీము బయటపడేది మొదటి ఐదారు రోజుల్లో. ఆ గండం దాటినాకనే రెండో కంటికి చెయ్యి వేస్తారు. తొందర పడకపోవడమే దాంట్లో ఉండే కిటుకు. ఒకేరోజు వేస్తే, నాలుగోనాడు రాత్రి రెండు కళ్లూ ఎర్రగా అయితే పుంగనూరు నుంచి ఎవరు పట్టుకొస్తారు నిన్ను?"

"మరి నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండు కళ్లకూ ఒకేసారి ఎందుకు వేస్తారంట?"

ఆమె ఒక్క క్షణం తడబడింది. ఆ సంగతి పోయిన సంక్రాంతికి తానే చెప్పింది. పసిగుడ్డుకు మళ్లీ మళ్లీ మత్తు ఇవ్వడం ప్రాణం మీదికి వస్తుంది, జబ్బు ఒక వారంలోనే చూపు తీసేస్తుంది. అందుకని రెండు కళ్లకూ ఒకే పూట వేస్తారు.

"చూసినావా! ఆగితే వచ్చే నష్టం ఎక్కువని తేలినప్పుడు డాక్టర్లే ఒకేసారి వేస్తా ఉండారు. నాకు మత్తు అక్కర్లేదు. నా మత్తు బస్సు టికెట్టు."

వాళ్లమ్మ వంటింట్లోంచి నవ్వింది. సిస్టరు కూడా నవ్వింది, కానీ వదల్లేదు.

"ఒకేరోజు వేయొద్దని నేను అనడంలే మామా. ఒకేసారి వేయొద్దంటున్నా. తేడా ఉంది. బ్రిటన్‌లో కంటి డాక్టర్ల కాలేజీ కూడా ఒకేరోజు వద్దనలేదు. కన్ను మారితే మనిషి మారినట్టే చెయ్యమన్నది. మొదటి కన్ను అయిపోతుంది. గ్లౌజులు తీసి పారెయ్యాల. చేతులు మళ్లీ కడుక్కోవాల. రెప్పలు ఎడం చేసే క్లిప్పు వేరేది, సూది వేరేది, ముఖం మీద కప్పే గుడ్డ వేరేది. కంట్లో బెటాడిన్ మళ్లీ వేసి, అది పనిచేసేదాకా ఆగాల. అన్నిటికన్నా ముఖ్యం, మందు వేరే బ్యాచ్‌ది కావాల. అవాస్టిన్ పంచిన సిరంజిలైతే వేరే నాడు పంచిన సీసాలోది. అట్ల చేస్తే నీ కళ్లు రెండూ రెండు క్రేట్లలో ఉన్నట్టు. అప్పుడు నీ గుణకారం నేనే ఒప్పుకుంటా."

"చుక్కల మందు?"

"ముందంతా వారం రోజులు యాంటీబయాటిక్ చుక్కలు రాసేవాళ్లు. చాలాచోట్ల మానేసినారు. చీము తగ్గింది లేదు, మందుకు లొంగని క్రిములు పెరిగినాయి. కాపాడేది బెటాడినే. ఇంకొకటి, సూది వేసేటప్పుడు మాట్లాడకూడదు. డాక్టరు, సిస్టరు, నువ్వు, ముగ్గురూ. నోట్లోంచి పడే క్రిములు కంట్లోకి పోతే అవి మొండివి. నువ్వు ఊరుకోగలవా?"

అయ్యోరు ఊరుకోలేదు. "నా సంగతి సరే. ఇవన్నీ అక్కడ చేస్తా ఉండారో లేదో, కళ్లు తెరుచుకుని పడుకున్నవాడికి ఎట్లా తెలుస్తుంది?"

వాదన మొత్తంలో ఇదే అసలైన ప్రశ్న. ఒకేరోజా వేర్వేరు రోజులా అన్నది రోగి ముందు పెడతారు. బ్యాచ్ ఒకటా రెండా అన్నది మాత్రం ఎవరూ అతని ముందు పెట్టరు. క్యూలో యాభై మంది ఉన్నరోజు, ఒకే మనిషికి రెండుసార్లు గ్లౌజులు మార్చడం ఏ థియేటర్‌కైనా బద్ధకమే. సిస్టరు దాచలేదు. "అడగాల మామా. ముందే అడగాల. అడిగితే చేస్తారు. అడగకపోయినా చేసేవాళ్లున్నారు. ఎవరు ఎవరో నాకు తెలీదు."

ఇంతలో ఆమెకు ఇంకేదో తట్టింది. "గుండెకు స్టెంటు వేసిన సంగతి కళ్ల డాక్టరుకు చెప్పినావా?"

"గుండెకూ కంటికీ ఏం సంబంధం?"

"చెప్పలేదన్నమాట." గొంతు మారింది. కంట్లో వేసిన మందు కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. అవాస్టిన్ రక్తంలో ఎక్కువ రోజులుంటుంది, రానిబిజుమాబ్ తొందరగా పోతుంది. రెండు కళ్లకూ ఒకేనాడు వేస్తే ఒంట్లోకి దిగేది రెండింతలు. దానివల్ల పక్షవాతమో గుండెపోటో పెరుగుతుందని గట్టిగా రుజువు కాలేదు. అయినా అవి వచ్చి ఎక్కువ కాలం కానివాళ్ల విషయంలో డాక్టర్లు వెనకాముందూ ఆడతారు. వంటింట్లోంచి వాళ్లమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. "చెప్పలేదా నువ్వు? స్టెంటేసి మూడేళ్లు కూడా కాలేదు కదరా!" అక్క ముందు అయ్యోరు మళ్లీ చిన్నపిల్లాడైపోయాడు. ఈ ఒక్క విషయంలో ఆయన తరఫున వాదించేవాళ్లు ఎవరూ లేరు.

భోజనాలయ్యాక సిస్టరు రాజీ బేరం పెట్టింది. మొదటిసారి మాత్రం వారం ఎడం. కారణం చీము కాదు, మందు. 2019లో అమెరికాలో అనుమతి వచ్చిన బ్రొలుసిజుమాబ్ అనే మందు కొందరి రెటీనా రక్తనాళాల్లో వాపు తెచ్చి చూపు తీస్తోందని మరుసటి ఏడే అక్కడి రెటీనా డాక్టర్ల సంఘం హెచ్చరించింది. అది క్రిములతో వచ్చింది కాదు. ఏ బెటాడినూ దాన్ని ఆపలేదు. ఒంటికి పడని మందని ఒక కంటితోనే తెలుసుకోవడం మంచిది. అది సరిపడితే, రెండో నెల నుంచి రెండు కళ్లూ ఒకేనాడు.

అయ్యోరు వేళ్లు మడిచాడు. "మొదటి నెల రెండు ప్రయాణాలు. తర్వాత నాలుగు నెలలకు నాలుగు. ఐదు కాదు, పది కాదు, ఆరు." ఆయన ముఖంలో లెక్క కుదిరిన సంతోషం. "ఒప్పుకుంటి."

"ఒక షరతు. రెండు బ్యాచులు ఇస్తాం, రెండుసార్లు సామాన్లు మారుస్తాం అని వాళ్లు చెప్తేనే. చెప్పకపోతే పదిసార్లే."

"పది నా వల్ల కాదు."

"అయితే ఇంకో ఆసుపత్రి. తిరుపతో, ఇంకోటో."

"వాళ్లూ చెప్పకపోతే?"

ఆమె దగ్గర జవాబు లేదు. పదిహేడు వేలల్లో ఒకటి అనే ప్రమాదాన్ని తీసుకోవాలా, నాలుగు సూదులు తప్పిపోతాయని తెలిసి తెలిసి పది ప్రయాణాలకు ఒప్పుకోవాలా అంటే, థియేటర్లో పదకొండేళ్లు నిలబడిన మనిషికి మొదటిదాన్ని ఒప్పుకోవడం కష్టం. బస్సుల్లో తిరిగే మనిషికి రెండోది కష్టం. ఇద్దరూ ఆ మాట మీదే కాసేపు గట్టిగా గొంతులు పెంచుకున్నారు. ఇద్దరూ దిగలేదు.

సాయంత్రం నాలుగు గంటలకు పుంగనూరు బస్సు. బయలుదేరే ముందు అయ్యోరు చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి, డాక్టరును అడగాల్సినవి రాసుకోవడం మొదలుపెట్టాడు. స్టెంటు. బ్యాచ్ నంబరు. గ్లౌజులు. నాలుగో మాట రాసేటప్పటికి పెన్ను మూడో మాట మీదికి ఎక్కింది. రెండు గీతలు అల్లుకుని ఏ అక్షరమో తెలియకుండా పోయింది. ఆయన దాన్ని ఎడమ కంటికి దగ్గరగా, తర్వాత కుడి కంటికి దగ్గరగా పెట్టి చూశాడు. సిస్టరు ఏమీ అనకుండా డైరీ తీసుకుని, ఆ పేజీ చించేసి, కొత్త పేజీలో పెద్ద అక్షరాలతో మొదటి నుంచి రాసింది.